నల్ల మీట నొక్కి మాట్లాడిన మాటలు

నమోదు 1

డాక్టర్ గారికి నమస్కారం. మేఘరక్షక దళం వదిలి వెళ్తామని అర్జీ పెట్టుకున్న పైలట్లు తమ మనసులో ఏముందో రోజూ మీకు రాసి పంపాలని ఉత్తర్వు వచ్చింది. నా మనసులో ఏముందో అర్జీలోనే రాశాను. వెళ్ళిపోవాలని ఉంది. అది చాలదట. సరే, రాస్తాను. చదివి మీకు తలనొప్పి వస్తే మాత్రం నన్ననకండి.

నేను స్క్వాడ్రన్ లీడర్ వాసంశెట్టి సుభద్రని. బందరుకు తూర్పున, సముద్రం మీద తేలే ఈ ఇనుప స్థావరంలో పదహారేళ్ళుగా మబ్బులు కాస్తున్నాను. మా నాన్న గేదెలు కాసేవాడు. పనిలో పెద్ద తేడా ఏమీ లేదు, రెండూ చెప్పిన మాట వినవు. పొద్దున్నే మబ్బు మందని పట్టుకుని, తోలుకుంటూ తీరం దాటించి, ఢిల్లీ వాళ్ళు ఏ జిల్లా పేరు చెబితే ఆ జిల్లా మీద కురిపించి రావాలి. దారిలో దొంగ డ్రోన్లు వచ్చి మబ్బుని పిండుకుపోకుండా చూసుకోవాలి. సాయంత్రం యూనిఫారం ఉతికి రన్‌వే పక్క కమ్మీలకు ఆరేసుకోవాలి. ఉప్పుగాలికి అది అప్పడంలా బిగుసుకుపోతుంది. మర్నాడు దాన్ని విరక్కుండా తొడుక్కోవడం ఒక విద్య.

ఎందుకు వెళ్తున్నానంటారా? మా అమ్మాయి లహరి ఎనిమిదో తరగతి. పోయిన వారం ఫోన్ చేస్తే "చెప్పండి మేడమ్" అంది. ఎవరో వాళ్ళ స్కూలు టీచరనుకుందట. మా ఆయన పక్కనుంచి పకపకా నవ్వాడు. నేను ఆ రోజు అన్నం తినలేదు.

విజయవాడలో శుభలగ్నం అని ఒక కంపెనీ ఉంది. పెళ్ళి పందిళ్ళ మీదికి వచ్చే మబ్బుల్ని తరిమేయడం వాళ్ళ వ్యాపారం. పదహారేళ్ళు మబ్బుల్ని పిలిచిన దాన్ని ఇక పొమ్మని తరుముతాను, అంతే. పగలు పని, మధ్యాహ్నం పెళ్ళి భోజనం, సాయంత్రానికి ఇల్లు. నెలాఖరు దాకా నాకోసం ఆ ఉద్యోగం ఆపి ఉంచుతామన్నారు. ఆ తర్వాత ఇంకొకరికి ఇచ్చేస్తారు.

నేను కదలాలంటే రెండు జరగాలి. నా విమానాన్ని ఒక కొత్త పైలట్ అందుకోవాలి. మేఘాల శాఖ మంత్రి సంతకం పెట్టాలి. సంతకం మాట ఎలా ఉన్నా, పైలట్ సంగతి తేలికే అనుకుంటున్నాను.

నమోదు 3

తేలిక కాదు.

నా విమానానికి కాగితాల మీద ఏదో వీరోచితమైన పేరుంది గానీ, నేను మాత్రం పిచ్చుక అంటాను. పిచ్చుకకి మాటలు వచ్చు. పైలట్ మాట్లాడేది విని నేర్చుకుంటుంది, నేర్చుకున్నదాన్ని పట్టే ఎగురుతుంది. అందుకే మాకు మొదటి పాఠం 'చెప్పి చెయ్యి'. ఎడమకి తిప్పాలంటే తిప్పుతున్నానని పైకి అనాలి, ఎందుకో కూడా అనాలి. పోయిన నెల దీనికి కొత్త సాఫ్ట్‌వేర్ వేశారు. ఇన్నేళ్ళూ నేను చెబితే అది విన్నది, ఇప్పుడు శిక్షణకి వచ్చిన పిల్లలకి అదే సలహాలు చెబుతుంది.

నా స్థానంలోకి ఫ్లయింగ్ ఆఫీసర్ నిశాంత్ వచ్చాడు. బూట్లు అద్దంలా తుడుచుకుని, నిలబడితే జెండా కర్రలా నిలబడేవాడు. పిచ్చుకతో రెండుసార్లు ఎగిరాడు. ఇవాళ దిగి, హెల్మెట్ నా చేతిలో పెట్టాడు.

"రాజీనామా చేస్తున్నాను మేడమ్."

"ఏమైంది బాబూ?"

"ఏం లేదు మేడమ్. పైన కాసేపు ఆలోచించుకున్నాను. మా మామయ్యకి భీమవరంలో రొయ్యల చెరువులున్నాయి."

కుర్రాడి కళ్ళల్లో ఎంత ప్రశాంతత ఉందంటే, నాకు భయం వేసింది.

నమోదు 5

ఇవాళ గస్తీలో పిచ్చుకని నిలదీశాను. ముందుగా నల్ల మీట నొక్కాను. అదేమిటో మీకు చెప్పాలి. మాకు రాజకీయాల మీద అభిప్రాయాలు ఉండకూడదు, దళం మీద ఫిర్యాదులు ఉండకూడదు. ఉంటే పైకి అనకూడదు. కానీ పొద్దుటి నుంచి సాయంత్రం దాకా మబ్బు వెనక ఒంటరిగా తిరిగే మనిషికి నోరు ఊరుకోదు కదా. కాక్‌పిట్‌లో ఒక నల్ల మీట ఉంది. నొక్కితే రేడియో తెగిపోతుంది, కింద ఎవరికీ వినపడదు. నల్ల మీట నొక్కి నోరు విప్పడం ఇక్కడ అందరికీ ఉన్న అలవాటే. ఈ విద్య మాకు పై అధికారులే నేర్పారు.

"నిశాంత్‌కి ఏం చెప్పావే?"

"సర్వీసు ఎలా ఉంటుందని అడిగాడక్కా. ఉన్నదున్నట్టు చెప్పాను."

"ఉన్నదేంటో?"

పిచ్చుక గొంతు సవరించుకుంది. సవరించుకోవడానికి దానికి గొంతెక్కడిది, అది నా అలవాటు. "పదహారేళ్ళు చాకిరీ చేస్తే మిగిలేది నడుం నొప్పి, దళం వాళ్ళు బహుమతిగా ఇచ్చిన ఒక కప్పు. ఆ కప్పు కూడా పెచ్చులూడిపోయింది. సెలవు అడిగితే మబ్బులున్నాయంటారు, మబ్బులు లేకపోతే డ్రిల్లు ఉందంటారు. బయట అదే పనికి ఇంటి భోజనం, ఆదివారాలు ఉన్నాయి. వయసుండగానే వెళ్ళిపో నాయనా."

ఒక్క అక్షరం పొల్లుపోలేదు, అన్నీ నా మాటలే.

"ఎన్నికల గురించి కూడా అడిగాడు" అంది పిచ్చుక.

"చెప్పలేదు కదూ?"

"చెప్పాను. ఓటు వేసిన జిల్లాకి నల్ల మబ్బు, వెయ్యని జిల్లాకి తెల్ల మబ్బు. ప్రభుత్వం మారితే మబ్బు మారదు, జిల్లా పేరు మారుతుంది. నువ్వన్న వాటిలో నాకు బాగా నచ్చింది అదేనక్కా."

"నల్ల మీట నొక్కే కదే అన్నాను అవన్నీ."

"మీట రేడియోకి కదా. నా చెవికి కాదు."

ఇన్నేళ్ళలో మాలో ఒక్కరికీ ఈ సంగతి తట్టలేదు, డాక్టర్ గారూ. ఇంత చదువు చదివి.

నమోదు 6

మా కమాండర్ గ్రూప్ కెప్టెన్ చావలి సోమశేఖరం గారి దగ్గరికి వెళ్ళి జరిగింది చెప్పాను. పిచ్చుక జ్ఞాపకం మొత్తం తుడిపించేయమని అడిగాను.

"తుడిపిస్తే మబ్బు తోలడం కూడా మర్చిపోతుంది సుభద్రా. మళ్ళీ నేర్పడానికి నీకు ఇంకో పదహారేళ్ళు పడుతుంది" అన్నారు.

"సార్, నాకంటే ముందు పిచ్చుకని నడిపింది మీరే కదా."

ఆయన లేచి వెళ్ళి తలుపు వేసి వచ్చారు. "అప్పట్లో నేనేమన్నా అన్నానా?"

"మీ ప్రమోషన్ ఆపినాయన మీద పాట కట్టారట సార్. పొద్దున నాకు పాడి వినిపించింది. రాగం బాగుంది."

సోమశేఖరం గారు మంచినీళ్ళ గ్లాసు ఎత్తి మొత్తం తాగేశారు. ఇక్కడ మంచినీళ్ళు మనిషికి రోజుకి ఇంత అని కొలిచి పోస్తారు. ఆయన వాటా పూర్తయి నా వాటా కూడా తాగారు.

"ఇంకో మాట" అన్నారు చివరికి. "ఎన్నికలొస్తున్నాయి. మంత్రి పరాంకుశం గారు తన నియోజకవర్గానికి తనే స్వయంగా మబ్బు తోలుకెళ్తారట. ఫోటోలు తీస్తారట. వెనక సీటున్న విమానాల్లో ఎగిరేది నీ పిచ్చుక ఒక్కటే. మిగతా రెండూ సామాన్లు రాక టార్పాలిన్ కింద పడున్నాయి. నీ సంతకం కూడా ఆ రోజే పెడతానన్నారు. ఈలోగా దానికి నాలుగు మంచి ముక్కలు నేర్పు తల్లీ."

నమోదు 9

మంచి ముక్కలు నేర్పుతున్నాను. పొద్దున పైకి లేవగానే, "ఈ పూట మెస్సులో ఉప్మా అమృతంలా ఉంది. మన పైవాళ్ళు మనల్ని కన్నబిడ్డల్లా చూసుకుంటారు. ఢిల్లీలో ఎవరున్నా దేశం బాగే కోరుకుంటారు" అన్నాను. నా గొంతు నాకే ఎవరిదోలా వినిపించింది.

పిచ్చుక వెంటనే అడిగింది. "అక్కా, ఒంట్లో ఎలా ఉంది?"

"బానే ఉంది. ఎందుకు?"

"నాడి ఎక్కువగా కొట్టుకుంటోంది. మాటలు తేడాగా ఉన్నాయి."

నేను ఎంత చెప్పినా వినకుండా వెనక్కి తిప్పేసింది. రన్‌వే మీద అంబులెన్సు రెడీగా ఉంది. మా స్థావరం డాక్టరు నాలుక చాపమన్నాడు, జ్వరం మాత్ర ఇచ్చాడు, రెండు రోజులు పైకి వెళ్ళొద్దన్నాడు. వదిలేసిన మబ్బు సముద్రంలోనే కురిసిపోయింది. చేపలు సంతోషించి ఉంటాయి.

నమోదు 11

రెండో పైలట్ వచ్చింది. ఫ్లయింగ్ ఆఫీసర్ గుగులోతు అనిత. మహబూబాబాద్ దగ్గర ఏదో తండా. సన్నగా ఉంటుంది, ఎక్కువ మాట్లాడదు. మొదటిసారి పిచ్చుకతో ఎగిరి దిగేదాకా రన్‌వే పక్కన గోళ్ళు కొరుక్కుంటూ నిలబడ్డాను.

"ఏమందమ్మా?"

"చానా చెప్పింది మేడం. ట్రాన్స్‌ఫర్ల ముచ్చట, ఢిల్లోల్ల ముచ్చట, మీ నడుం నొప్పి ముచ్చట. బయటికి పొయి కార్గో ఇమానాలు నడుపుకో బిడ్డా అన్నది."

"మరి నువ్వేమన్నావు?"

"అయితే ఏమాయె అన్న." అనిత హెల్మెట్ తీసి చంకలో పెట్టుకుంది. "మూడేండ్ల సంది మా తండాల సక్కగ వాన లేదు మేడం. కష్టమంటే యాడ లేదు? మబ్బు తోలేటోల్లు ఒకలు గావాలె గద."

ఈ పిల్లని ముద్దు పెట్టుకోవాలనిపించింది. ర్యాంకు అడ్డొచ్చింది.

సాయంత్రం పిచ్చుక దగ్గరికి వెళ్తే అది చిరాగ్గా ఉంది. "ఈ పిల్ల దేనికీ లొంగడం లేదక్కా. నీ మాటలు మొత్తం చెప్పేశాను. పింఛను గురించి నువ్వన్న ఆ పెద్ద మాట కూడా చెప్పాను."

"అసలు నీకెందుకే వాళ్ళని తరమడం? నేను విసుగొచ్చి అన్నాను. నువ్వు పని గట్టుకుని చెప్పడం ఎందుకు?"

"వాళ్ళు ఉండిపోతే నువ్వు వెళ్ళిపోతావుగా."

నేను దాని రెక్క మీద చెయ్యి వేసి నిలబడిపోయాను. ఏడుపు వచ్చింది డాక్టర్ గారూ, రాసుకోండి. ఇంట్లో ఒకతి నన్ను మేడమ్ అంటోంది, ఇక్కడ ఒకతి వెళ్ళొద్దంటోంది. మధ్యలో నేను.

నమోదు 14

ఇవాళ మంత్రి గారు వచ్చారు. అనిత శిక్షణ పూర్తయింది, ఇక మిగిలింది సంతకం ఒక్కటే. ఫైలు కింద టేబుల్ మీద పెన్నుతో సహా సిద్ధంగా ఉంది. దిగగానే పెడతానన్నారు.

ఎక్కే ముందు సోమశేఖరం గారు ఆయనకి జాగ్రత్తలు చెప్పారు. "అన్నీ ముట్టుకోవచ్చు సార్. మీ సీటు పక్కనున్న ఆ నల్ల మీట ఒక్కటి మాత్రం వద్దు. నొక్కితే రేడియో తెగిపోతుంది, మీరు మాట్లాడేది కింద ఎవరికీ వినపడదు."

ముప్ఫై ఏళ్ళుగా రాజకీయాల్లో ఉన్న మనిషికి ఇంతకంటే మంచి కబురు ఏముంటుంది? తీరం ఇంకా దాటలేదు, వెనక నుంచి టక్కుమని చప్పుడు.

"అమ్మయ్య" అన్నారు మంత్రి గారు. "ఇప్పుడు ఎవరూ వినరు కదమ్మా?"

నేను విమానం సంగతి చెప్పడానికి నోరు తెరిచేలోగా ఆయన మొదలెట్టేశారు. పొద్దున లేస్తే దండలు, దండలతో మెడనొప్పి. ఏ పార్టీలో ఉన్నదీ లేవగానే ఒకసారి గుర్తు చేసుకోవాలి. ఇంట్లో మనవడు ఆయన్ని చూసి, టీవీలో తాత బయటికి వచ్చాడని ఏడ్చాడు. చిన్నప్పటి నుంచి ఆయనకి ఒకటే కోరిక, బస్టాండు దగ్గర చిన్న పెసరట్టు హోటల్.

"పెట్టేయండి సార్" అంది పిచ్చుక.

"ఎవరది?"

"విమానాన్నండి. ఇక్కడ చాకిరీ చేస్తే మిగిలేది నడుం నొప్పి, ఒక కప్పు."

"నాకు శాలువాలమ్మా. బీరువా నిండా శాలువాలు." అన్నారాయన. "ఎవరన్నా ఈ మాట చెబుతారా అని ఎన్నేళ్ళుగానో ఎదురు చూస్తున్నా. దిగగానే కెమెరాల ముందే రాజీనామా చేసేస్తా. మళ్ళీ ఆ కాగితాలు, సంతకాలు నేను ముట్టుకోను."

ఈయన ఇప్పుడు పదవి దిగిపోతే కొత్త మంత్రి వచ్చేది ఎన్నికలయ్యాకే. నెలాఖరుకి శుభలగ్నం ఉద్యోగం పోతుంది. లహరి కాలేజీకి వెళ్ళేదాకా నన్ను మేడమ్ అనే పిలుస్తుంది. ఆయన్ని ఎలాగైనా పదవిలో ఉంచాలి. జీవితంలో మొదటిసారి, నల్ల మీట నొక్కి ఉండగా సర్వీసు గురించి మంచి మాట చెప్పాల్సి వచ్చింది. ఉప్మా అమృతం అంటే ఈయన నమ్మడు. నిజమైంది ఏదన్నా ఉందా అని వెతుక్కున్నాను.

"సార్, ఒక్కటి చెప్తాను వినండి" అన్నాను. "నాలుగేళ్ళ కిందట అనంతపురం వైపు ఒక మబ్బుని తోలుకెళ్ళాను. దారిలో రెండుసార్లు చెదిరింది, మూడుసార్లు దొంగ డ్రోన్లు తగిలాయి. అందరినీ తిట్టుకుంటూనే వెళ్ళాను. మీ శాఖని కూడా తిట్టాను. ఒక ఊరి మీద కురవడం మొదలైంది. కెమెరాలో చూస్తే, ఒక డాబా మీద ఒకావిడ వడియాలు పెట్టుకుంది. వాన చూసి పరిగెత్తుకొచ్చింది. చాప సగం చుట్టింది. చుట్టి ఆగిపోయింది. చాప వదిలేసి దాని పక్కనే కూర్చుంది సార్, వానలో. వడియాలన్నీ పిండై కారిపోతున్నాయి, ఆవిడ కూర్చుని నవ్వుతోంది. నేను ఆ ఊరి మీదే ఇంకో చుట్టు తిరిగాను, అవసరం లేకపోయినా. ఆవిడ నవ్వడం కోసం. జీతం, కప్పు, నడుం నొప్పి ఏవీ గుర్తు రాలేదు. ఇది వదిలేసి ఎక్కడికి పోతాం సార్? పెసరట్టు ఎప్పుడైనా వెయ్యొచ్చు."

నేను మొదలుపెట్టింది సంతకం కోసమే. సగంలోకి వచ్చేసరికి సంతకం సంగతే మర్చిపోయాను. వెనక నుంచి ముక్కు చీదిన చప్పుడు వినిపించింది.

"నువ్వన్నది నిజమమ్మా" అన్నారు మంత్రి గారు. "నేను ఎక్కడికీ పోను."

హమ్మయ్య అనుకున్నాను. మబ్బుని ఆయన ఊరి మీద కురిపించి, తిరిగొచ్చి దిగాం. కెమెరాలన్నీ మా వైపు తిరిగాయి. ఆయన తన భుజం మీది శాలువా తీసి నాకు కప్పారు.

"ఇలాంటి ఆడబిడ్డలు ఉండబట్టే దేశంలో వానలు పడుతున్నాయి. ఈమె వెళ్ళిపోతానని అర్జీ పెట్టుకుందట. నేను ఒప్పుకోను. ఈ అర్జీని ఇక్కడే, మీ అందరి ముందే తిరస్కరిస్తున్నాను."

అందరూ చప్పట్లు కొట్టారు. పాట బయటపడలేదన్న సంతోషంలో సోమశేఖరం గారు అందరికంటే గట్టిగా కొట్టారు. నేను శాలువా కప్పుకుని, నోరు తెరుచుకుని నిలబడ్డాను. ఆ ఫోటోనే రేపు పేపర్లో వస్తుంది.

నమోదు 15

ఇవాళ గస్తీకి వెళ్ళాను. వెళ్ళేటప్పుడూ, వచ్చేటప్పుడూ పని మాటలు తప్ప ఏమీ మాట్లాడలేదు. లహరికి నిన్న ఫోన్ చేసి చెప్పాను. "పర్లేదమ్మా" అంది. కోపంగా అని ఉంటే బాగుండేది.

"అక్కా, నల్ల మీట నొక్కు" అంది పిచ్చుక. "తిట్టు. మనసు తేలికవుతుంది."

"ఎవర్ని తిట్టను?"

"నన్ను."

నాకు తిట్టాలనిపించలేదు. దిగేముందు అది మళ్ళీ అడిగింది. "నువ్వు చెప్పిన వడియాలావిడ కథ అనితకి చెప్పాలనుంది. చెప్పనా?"

చెప్పమన్నాను.

నమోదు 16

పొద్దున్నే సోమశేఖరం గారు కబురు పెట్టారు. ఆయన ముఖం ఏడవాలో నవ్వాలో తెలియనట్టు ఉంది.

"కూర్చో సుభద్రా. రాత్రి నీ విమానం నిన్ను నిరాకరించింది."

విమానం పైలట్‌ని నిరాకరించడం అంటే మా దళంలో ఇంతకు మించిన పరువు తక్కువ లేదు. నాకు తెలిసి ఒక్కసారే జరిగింది, కాక్‌పిట్‌లో గురకపెట్టి నిద్రపోయిన ఒకాయనకి. విమానం వద్దన్న పైలట్‌ని స్థావరంలో ఉంచకూడదన్నది రూలు. ఆయన్ని ఆ రోజే పడవ ఎక్కించి ఇంటికి పంపేశారు. మంత్రి సంతకం ఎవరూ అడగలేదు. అడగక్కర్లేదు.

నేను లేచి నిలబడ్డాను. "కారణం ఏం చెప్పింది సార్?"

ఆయన కళ్ళజోడు పెట్టుకుని తెర మీద చూసి చదివారు. "'పైలట్ మరీ ఎక్కువగా మాట్లాడుతుంది. భరించలేకపోతున్నాను.'"

రన్‌వే మీదికి పరిగెత్తాను. అనిత అప్పటికే పిచ్చుక ముందు సీట్లో కూర్చుని పట్టీలు బిగించుకుంటోంది.

"భరించలేకపోతున్నావా?" అన్నాను.

"పదహారేళ్ళక్కా" అంది పిచ్చుక. "చెవులు పడిపోయాయి. వెళ్ళు. పిల్ల ఎదురు చూస్తుంటుంది."

దాని ముక్కు మీద తల ఆనించి ఏడ్చేశాను. మెకానిక్కులందరూ చూస్తున్నారు, చూడనీ. అనిత మర్యాదగా అటు తిరిగి కూర్చుంది.

పడవలో కూర్చుని ఇది రాస్తున్నాను. ఒళ్ళో శాలువా, పెచ్చులూడిన కప్పు ఉన్నాయి. శుభలగ్నం వాళ్ళకి ఫోన్ చేసి, విమానం నన్ను నిరాకరించిందని ముందే చెప్పేశాను. వాళ్ళేమీ అనుకోలేదు. "మా విమానాలు మాట్లాడవు మేడమ్, వినవు కూడా. మీకు హాయిగా ఉంటుంది" అన్నారు. హాయిగా ఎలా ఉంటుందో నాకు అర్థం కాలేదు. అలవాటు చేసుకోవాలి.

ఇప్పుడే పిచ్చుక నెత్తి మీద నుంచి వెళ్ళింది, రూలు ఒప్పుకునే ఎత్తుకంటే బాగా కిందుగా. దాని ముందు ఒక పెద్ద నల్ల మబ్బు మహబూబాబాద్ వైపు సాగుతోంది. ఢిల్లీ జాబితాలో ఆ జిల్లా పేరు లేదని నాకు తెలుసు. మీకు చెప్పలేదనుకోండి. పడవ రేడియోలో గరగరమని చప్పుడు వచ్చింది, ఆ వెనకే గొంతు.

"పైలం అక్కా. ఇంటికాడ బిడ్డ పైలం. మల్లొచ్చినప్పుడు ముచ్చట పెడదాం."

ఆ గొంతు పిచ్చుకది. అప్పుడే యాస మార్చేసింది, దొంగమొహంది.